1911 మోడల్ పిస్టల్ నడుముకు పెట్టుకునే ముందు జాగ్రత్తలు

అమెరికాలో హెచ్-1బి, ఎఫ్-1 వీసాల మీద ఉన్న మనవాళ్లు ముందు లాయర్‌ని అడగండి. కొన్ని మినహాయింపులు తప్పితే, ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్ల దగ్గర తుపాకీ ఉండటమే నేరం. తుపాకీ వెంట పెట్టుకునే పర్మిట్ ఉన్నా, రాష్ట్రం దాటితే చెల్లకపోవచ్చు.

మ్యాగజీన్ (తూటాల పెట్టె) తీయండి. స్లైడ్ (వెనక్కి జరిగే పైభాగం) లాగి, ఛాంబర్ (పేలే తూటా ఉండే గది) ఖాళీయేనని కంటితో, వేలితో చూడండి.

సేఫ్టీ పరీక్ష మాత్రం ఎప్పుడూ వదలొద్దు. గొట్టం సురక్షితమైన వైపే ఉంచి, ఖాళీ తుపాకీ సుత్తిని వెనక్కి లాగి నిలపండి. బొటనవేలి సేఫ్టీ (బొటనవేలితో వేసే మీట) వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి. సేఫ్టీ దించండి; సుత్తి పడకూడదు. ఇప్పుడు సుత్తిని కాస్త వెనక్కి లాగండి. సన్నగా 'టిక్' మంటే లోపల సియర్ (సుత్తిని పట్టి ఉంచే భాగం) కదిలిందన్నమాట. ఆ తుపాకీ గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికే వెళ్లాలి, నడుముకు కాదు. పిడి వెనక సేఫ్టీ నొక్కకుండా ట్రిగ్గర్ లాగినా సుత్తి పడకూడదు.

తూటాను నేరుగా ఛాంబర్‌లో వేయొద్దు, ఎక్స్‌ట్రాక్టర్ (తూటా గుల్లను బయటికి లాగే కొక్కెం) పాడవుతుంది. మ్యాగజీన్ నుంచే ఎక్కించండి. తూటా ఉండగా సుత్తిని వేలితో దించడం చాలా ప్రమాదం, జారితే పేలుతుంది.

ఒరలో పెట్టేముందు సేఫ్టీ వేసి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, చొక్కా అంచు పక్కకు తీయండి. ఒర ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి. 5 అంగుళాల గొట్టమున్న ఉక్కు పిస్టల్ ఖాళీగానే 1.1 కిలోలు, మెత్తటి బెల్టు వంగిపోతుంది, 1.5 అంగుళాల గట్టి బెల్టు కావాలి.

చెమటకు ఉక్కు తుప్పు పడుతుంది. రోజూ రాత్రి నూనెగుడ్డతో తుడవండి.