తుఫాను నెలలు వస్తున్నాయి, కసాండ్రాలో జీసీ గ్రేస్ తగ్గించకండి

కసాండ్రా (చాలా మెషీన్ల మీద పరిచి నడిపే డేటాబేస్) లాగ్ ఫైళ్లలో టూంబ్‌స్టోన్ (డిలీట్ గుర్తు) హెచ్చరికలు కుప్పలుగా పడుతున్నాయని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు ఈమధ్య తెగ వినిపిస్తోంది. మామూలు సెట్టింగుల్లో ఒక్క క్వెరీకి ఆ గుర్తులు వెయ్యి దాటితే హెచ్చరిక, లక్ష దాటితే క్వెరీయే ఆగిపోతుంది. హెచ్చరికతో కొంప మునగదు. దాని నోరు మూయించడానికి ఆ గుర్తుల్ని ఎంతకాలం ఉంచాలో చెప్పే జీసీ గ్రేస్ సెకండ్స్ తగ్గిస్తారే, అక్కడ మునుగుతుంది.

ఇందులో డిలీట్ అంటే చెరపడం కాదు, ‘ఇది పోయింది’ అని గుర్తు రాయడం. ఆ గుర్తు అన్ని రెప్లికాలకూ (అదే డేటా కాపీ ఉన్న మెషీన్లకూ) చేరాలి. ఆగిపోయిన నోడ్ (మెషీన్) కోసం మిగతావి హింట్లు (దానికి అందని రాతలు) దాచేది 3 గంటలే. ఆ తర్వాతవి రిపేర్ (కాపీలను పోల్చి సరిచేయడం) చేస్తేనే చేరతాయి. గుర్తుకి గడువే జీసీ గ్రేస్: మామూలుగా 8,64,000 సెకన్లు, అంటే 10 రోజులు. దాన్ని ఒక రోజుకి దించారనుకోండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు గంజాం, గజపతి జిల్లాల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలా పడిన నోడ్ లేచేసరికి మిగతావాటిలో గుర్తులు కంపాక్షన్‌లో (ఫైళ్లు కలిపి చెత్త ఏరేసే పనిలో) పోయి ఉంటాయి, దీని దగ్గర మాత్రం పాత వరుస భద్రంగా ఉంటుంది. మిగతావాటికే అది అందలేదనుకుని, చదివేటప్పుడు జరిగే రీడ్ రిపేర్ అందరికీ పంచిపెడుతుంది. రద్దయిన ఆర్డర్లు, మూసేసిన ఖాతాలు లేచి కూర్చుంటాయి. ఏది అసలు, ఏది దయ్యం అని తేల్చే కమాండ్ లేదు. సున్నా పెడితే ఆ టేబుల్‌కి హింట్లు కూడా పనిచేయవు. (ఒకే నోడ్ ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు.)

ముందు సమస్య ఏ టేబుల్‌లో ఉందో నోడ్‌టూల్ టేబుల్‌స్టాట్స్ కమాండ్‌తో చూడండి; అందులో స్లైసుకి (ఒక్కసారి చదివే ముక్కకి) ఎన్ని గుర్తులో సగటు కనిపిస్తుంది, అది గత ఐదు నిమిషాలదే. చాలాసార్లు తప్పు కోడ్‌దే: ఖాళీ గడులకి నల్ రాస్తుంటుంది, ప్రతి నల్ ఒక టూంబ్‌స్టోన్ అవుతుంది. దాని బదులు అన్‌సెట్ (గడిని ముట్టకుండా వదిలేయడం) వాడండి. టేబుల్‌ని క్యూలా (రాస్తూ, చదివి చెరిపేస్తూ) వాడుతుంటే సెట్టింగులతో నయం కాదు, గంటలవారీ పార్టిషన్లుగా మళ్లీ కట్టాల్సిందే.

అక్టోబరు లోపు రిపేర్ పూర్తి చేయండి, -పీఆర్‌తో (నోడ్ తన వంతు భాగాన్నే సరిచేసే ఆప్షన్), ఒక్కో నోడ్‌లోనూ. రెండు రిపేర్ల మధ్య 10 రోజులు దాటొద్దు. బూట్ అవగానే సర్వీసు తనంతట తాను లేవకుండా డిసేబుల్ చేయండి. లేకపోతే కరెంటు రాగానే పాత నోడ్ ఎవరినీ అడక్కుండా క్లస్టర్‌లో (నోడ్ల గుంపులో) కలుస్తుంది. లక్ష హద్దు పెంచొద్దు, హీప్ (మెమరీ) నిండి నోడ్ పడుతుంది. రోజూ నోడ్‌టూల్ కంపాక్ట్ కొట్టొద్దు. జీసీ గ్రేస్ తగ్గించొద్దు. నోడ్ వారమైనా లేవకపోతే, పదో రోజు రాకముందే, జీసీ గ్రేస్‌ని 17,28,000 సెకన్లకి, అంటే 20 రోజులకి పెంచండి. డిస్క్ నిండుతుంది, నిండనివ్వండి. పెంచొచ్చు, తగ్గించకూడదు. గడువు దాటిన నోడ్‌ని ఉన్నదున్నట్టు లేపొద్దు. డేటా, కమిట్‌లాగ్, హింట్స్, సేవ్డ్ కాషెస్ ఫోల్డర్లు ఖాళీ చేసి, రీప్లేస్ అడ్రస్ ఫస్ట్ బూట్ ఆప్షన్ పెట్టి కొత్త నోడ్‌లా ఎక్కించండి.