సూపర్‌ఫండ్ పరిశోధన గ్రాంటుకు దరఖాస్తు ఎలా చేయాలి

అమెరికాలో ప్రమాదకర వ్యర్థాల శుద్ధిపై పరిశోధనకూ శిక్షణకూ ఎన్‌ఐఈహెచ్‌ఎస్ (జాతీయ పర్యావరణ ఆరోగ్య శాస్త్రాల సంస్థ) పీ42 అనే గ్రాంటు ఇస్తుంది. దీనికి మూలం 1986 నాటి సూపర్‌ఫండ్ సవరణ చట్టం; సూపర్‌ఫండ్ అంటే కలుషిత స్థలాలను శుభ్రం చేయించే అమెరికా ప్రభుత్వ కార్యక్రమం. దరఖాస్తు విశ్వవిద్యాలయం పేరుతోనే వెళ్లాలి.

ముందుగా దరఖాస్తుకు అవసరమైన ప్రభుత్వ వెబ్‌సైట్లు సామ్ డాట్ గవ్, గ్రాంట్స్ డాట్ గవ్, ఈరా కామన్స్‌లలో రిజిస్ట్రేషన్లు చూసుకోండి. వీటికి 6 వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

దరఖాస్తులో కనీసం 2 ఆరోగ్య ప్రాజెక్టులు, 2 పర్యావరణ శాస్త్ర లేదా ఇంజినీరింగ్ ప్రాజెక్టులు ఉండాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. విడివిడిగా రాసిన నాలుగింటిని చివర్లో కుట్టేస్తే అతుకులు కనబడతాయి. భూగర్భజలంలో ఆర్సెనిక్ తీసుకోండి: ఒక జట్టు దాన్ని ఇనుప ఆక్సైడ్‌తో తొలగిస్తుంటే, మరో జట్టు శుద్ధికి ముందూ తర్వాతా అదే నీటి విషప్రభావాన్ని కణాలపై కొలవాలి. ఒకరి ఫలితం మరొకరి ప్రయోగాన్ని మార్చాలి.

శిక్షణ విభాగాన్ని నామమాత్రంగా రాయొద్దు. పీహెచ్‌డీ విద్యార్థి రెండు రంగాల ప్రయోగశాలల్లోనూ ఏం నేర్చుకుంటారో వివరంగా చెప్పండి. కలుషిత స్థలం పక్కన ఉండే ప్రజలతో పనిచేసే ప్రణాళిక కూడా తప్పనిసరి. వాళ్లతో ముందే మాట్లాడి రాయండి.

గడువు మీ సంస్థ స్థానిక సమయం సాయంత్రం 5 గంటలు. కొన్ని రోజుల ముందే పంపితే తప్పులు దిద్దుకునే వీలుంటుంది.