కంటిలో లెన్స్ అమర్చుకునే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

మైనస్ ఎనిమిది, పది దాటిన హ్రస్వదృష్టి (దూరపు చూపు మసకగా ఉండటం) ఉన్నవారికి చూపు సరిచేయడానికి, సహజ కటకాన్ని తీయకుండానే కంటి లోపల మరో లెన్స్ అమర్చుతారు. అలాంటివారు లెన్స్ ధర అడగడానికి ముందే, గత ఏడాదిలో తమ పవర్ 0.5 కంటే ఎక్కువ మారలేదని పాత చీటీలతో సరిచూసుకోవాలి. మెత్తని కాంటాక్ట్ లెన్సులను పరీక్షకు కనీసం రెండు వారాల ముందు మానకపోతే కొలతలు తప్పుతాయి.

ఐరిస్‌కు (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయానికి) తగిలించే గట్టి లెన్స్‌కు 5 నుంచి 6 మిల్లీమీటర్ల కోత, కుట్లు అవసరమవుతాయి; ఐరిస్ వెనుక, సహజ కటకానికి ముందు కూర్చునే ఐసీఎల్ అనే మెత్తని లెన్స్ మడతపడుతుంది కనుక సుమారు 3 మిల్లీమీటర్లు చాలు. అయితే ఐసీఎల్‌లో సైజే ప్రాణం. అది పెద్దదైతే కంటిపీడనం పెరగవచ్చు, చిన్నదైతే సహజ కటకానికి ఆనుకొని శుక్లం రావచ్చు. కాబట్టి కంటి ముందుగది (కార్నియాకు, ఐరిస్‌కు వెనుకనున్న సహజ కటకానికి మధ్య ఖాళీ) లోతును, కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) లోపలి కణాల లెక్కను కాగితంపై రాయించుకొని, రెండో వైద్యునికి కూడా చూపించడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఎక్కువ హ్రస్వదృష్టిలో కనుగుడ్డు సాగి, దాని వెనుక పొర అయిన రెటీనా పలచబడుతుంది; లెన్స్ అమర్చినా సాగిన కనుగుడ్డు కుదించుకుపోదు. కనుక రెటీనా పరీక్ష తప్పనిసరి. ఆ రోజు కంటిపాపను పెద్దది చేసే చుక్కల మందు వేస్తారు, దానితో కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కనుక ఇచ్ఛాపురం నుంచైనా, టెక్కలి నుంచైనా విశాఖ వెళ్లేవారు తోడు తీసుకువెళ్లాలి, బండి నడపకూడదు. పలాస జీడి బట్టీల పొగలో పనిచేసేవారు ఎన్నాళ్లు సెలవు పెట్టాలో శస్త్రచికిత్సకు ముందే వైద్యుణ్ణి అడగాలి.