వీధి నీటి పందెం – 4వ పాఠం: మోటారు గంటలు నీళ్లు కావు

తమ నీటి వాడకం ఎవరు బాగా తగ్గిస్తారన్నదే ఈ వీధి పందెం. పోయిన పాఠంలో ఇచ్చిన పని చిన్నదే. పందెం మొదలెట్టక ముందు వారం రోజుల వాడకం కొలిచి, మనిషికి రోజుకు ఎన్ని లీటర్లో ఒక్క అంకె తేవాలి. అంకెలు వచ్చాయి. ఒక ఇంటికి 38, దాని పక్కింటికి 410, ఒక అపార్ట్‌మెంటుకు ఏకంగా మైనస్‌లో. ఈ అంకెలతో పందెం పెడితే రెండో వారానికే వీధిలో మాటలు ఆగిపోతాయి. అందుకని నీళ్లు తగ్గించే సంగతి 5వ పాఠానికి జరిపాం. ఈసారి అంతా కొలతే.

ముందు మైనస్ సంగతి. ఉదయం సంపులో 30 అంగుళాలు ఉన్నాయి, మర్నాడు 50 ఉన్నాయి. 30లోంచి 50 తీసేశారు. మధ్యలో కొళాయి వచ్చి సంపు నిండిన సంగతి ఎక్కడా రాయలేదు. వాడకం అంటే మొదట ఉన్నదానికి, వచ్చినదాన్ని కలిపి, చివర మిగిలినదాన్ని తీసేస్తే వచ్చేది. బియ్యం డబ్బా లెక్క ఇంతే కదా.

38 ఎట్టా వచ్చిందో చూడండి. ఆ ఇంట్లో మంచినీళ్ల సంపు ఒకటి, వాడుక నీళ్ల బోరు ఒకటి. కొళాయి నీళ్లు మాత్రమే రాశారు. ఒంగోలులో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. స్నానాలు, బట్టలు, ఫ్లష్ అన్నీ దానిమీదే. నెల్లూరులో పెన్న పుణ్యమా అని కొన్ని పేటల్లో బోరు నీళ్లు బాగానే ఉంటాయి గనక అక్కడ ఇంకా ఎక్కువ వాడతారు. వాడుక నీళ్లు నీళ్లు కాదన్నట్టు వదిలేస్తే లెక్కలో ముక్కాలు భాగం పోతుంది. పైగా పందెంలో గెలవాలని కొళాయి కట్టేసి బోరు వేసేవాళ్లు తయారవుతారు. రెండూ రాయాలి. ట్యాంకరు తెప్పించుకుంటే అదీ రాయాలి. ట్యాంకరు మీద రాసిన అంకె కాదు, సంపులో ఎన్ని అంగుళాలు పెరిగిందో అది.

మీ అంకె నమ్మదగిందో కాదో చూసుకోవడానికి మూడు గుర్తులు పెట్టుకోండి. మురుగు పైపులైన్లు ఉన్న ఊళ్లకు మన దేశంలో సరఫరా ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. కొళాయిలుండి మురుగు లైన్లు లేని పట్టణాలకు 1999 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో 70 ఉండేది. పల్లెలకు జల జీవన్ మిషన్ పెట్టింది 55. మీకు 55 కంటే తక్కువ వస్తే మెచ్చుకోవడానికి ముందు మళ్లీ కొలవండి. 250 దాటితే ఎక్కడో పైపు కారుతోంది, లేదా చుట్టాలను లెక్కలో కలపలేదు.

మనుషుల లెక్క మనిషి-రోజుల్లో వేయాలి. రాత్రి ఇంట్లో పడుకున్న మనిషి ఒకటి. భోజనానికి వచ్చి వెళ్లినవాళ్లు సున్నా. పసిబిడ్డ కూడా ఒకటే, బట్టలు ఉతికేవాళ్లను అడగండి ఎందుకో చెప్తారు. నలుగురు, 7 రోజులు, మొత్తం 28. ఒకరు తిరుపతి వెళ్లి 2 రాత్రులు లేరు, 26. ముగ్గురు చుట్టాలు 2 రాత్రులు ఉన్నారు, 32. వాడినవి 3,840 లీటర్లు అయితే మనిషికి 120.

సంపు కొలత

సంపు పొడవు, వెడల్పు లోపలివైపు అడుగుల్లో కొలిచి రెండూ గుణించి, దాన్ని 2.36తో గుణించండి. ఒక అంగుళం నీటికి ఎన్ని లీటర్లో వస్తుంది. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు గనక 12తో భాగిస్తే ఈ 2.36 వచ్చింది. 10 అడుగులు, 8 అడుగుల సంపుకు అంగుళం అంటే 189 లీటర్లు.

కొలకర్రగా పీవీసీ పైపు వాడొద్దు, లోపల నీళ్లెక్కి జారుతుంది. ఎండిన వెదురు దబ్బ మీద అంగుళాలు గీసి, దానికి సుద్దముక్క రుద్ది, నిటారుగా అడుగు తగిలేదాకా దించి తీస్తే తడిసిన గీత తెల్లటి సుద్ద మీద స్పష్టంగా కనపడుతుంది. ఎప్పుడూ ఒకే మూల దించండి. సంపు అడుగు మోటారు గొట్టం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి మూల మారితే అంగుళం మారిపోతుంది. సంపు మూత తీసేది, దబ్బ దించేది పెద్దవాళ్లే. పుస్తకం రాసేది మటుకు ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలైతే మంచిది. వాళ్లు అంకెలు సర్దరు.

రోజూ ఉదయం 6 గంటలకు, మేడ మీద ట్యాంకు పూర్తిగా నింపి, మోటారు ఆపాక, సంపు చూడాలి. పై ట్యాంకు ఒకరోజు నిండుగా, మర్నాడు సగం ఉంటే ఆ సగం మీ వాడకంలోంచి మాయమవుతుంది. అదే 10 అడుగులు, 8 అడుగుల సంపు, 36 మంది ఉన్న అపార్ట్‌మెంటుకు ఒక రోజు లెక్క చూడండి. ఉదయం 6కి 42 అంగుళాలు. కొళాయి వచ్చేముందు 41. కొళాయి కట్టేశాక 60. మర్నాడు 6కి 37. వచ్చినవి 19. 42కి 19 కలిపి 37 తీసేస్తే 24 అంగుళాలు, అంటే 4,536 లీటర్లు, మనిషికి 126. కొళాయి వస్తున్నంతసేపు మోటారు వేయకూడదు. వేస్తే 19 అన్న అంకెకు అర్థం లేదు. ఈ ఒక్క నియమానికి వాచ్‌మన్ ఒప్పుకోకపోతే కొలతే మానేయండి.

కొళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో 7 రోజులు కాదు, 8 రోజులు కొలవండి. నీళ్లొచ్చిన రోజే దుప్పట్లు తడుపుతారు, వాకిళ్లు కడుగుతారు. 7 రోజుల్లో అలాంటి రోజులు మూడూ పడొచ్చు, నాలుగూ పడొచ్చు.

ఇక మోటారు గంటలు

వచ్చిన లెక్కల్లో సగానికి పైగా ఇట్టా ఉన్నాయి: "రోజుకు గంటన్నర మోటారు వేస్తాం, నిమిషానికి 60 లీటర్లు, కాబట్టి 5,400." 3వ పాఠంలో వద్దని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయడం మా తప్పు. ఇప్పుడు విడమరిచి చెప్తాం.

మోటారు అంటే గ్లాసు కాదు. దాని గంట ఒకరోజు ఒకలాగా, ఇంకోరోజు ఇంకోలాగా ఉంటుంది. సంపు నిండుగా ఉన్నప్పుడు నీళ్లను తక్కువ ఎత్తు లాగుతుంది, అడుగంటినప్పుడు నాలుగైదు అడుగులు ఎక్కువ లాగాలి. నిండు సంపులో 3 నిమిషాలకు దిగే అంగుళం, అడుగుకు వచ్చేసరికి మూడున్నర పట్టొచ్చు. గొట్టం అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్ వాల్వ్ కారుతుంటే గొట్టంలో నీళ్లు కిందికి జారిపోయి, స్విచ్ వేశాక కొన్ని నిమిషాలు మోటారు గాలి పీలుస్తూ మోగుతుంది. ఆ నిమిషాలకు కూడా మీరు 60 చొప్పున నీళ్లు రాసేశారు. సాయంత్రం వోల్టేజి బాగా పడిపోతే పంపు నెమ్మదిస్తుంది. పైన రెండు ట్యాంకులకు వాల్వులుంటే ఏది తెరిచారన్నదాన్ని బట్టీ మారుతుంది.

బోరు సంగతి ఇంకా ఘోరం. చైత్రంలో 60 అడుగుల్లో ఉన్న నీళ్లు రోహిణి కార్తెకు 75కి దిగాయనుకోండి. బోరులో దించిన అదే సబ్‌మెర్సిబుల్ మోటారు, అదే గంట, పైకి వచ్చే నీళ్లు తక్కువ. ఊట చాలని బోరైతే మోటారు నడుస్తూనే ఉంటుంది, నీళ్లు బుస్సుబుస్సుమంటూ విడతలు విడతలుగా వస్తాయి.

మీకు పందెం ఏ నెలలో? ఎండాకాలంలోనే కదా. నాలుగు వారాలు ఒక ఇల్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని నీళ్లు తగ్గించింది. బోరు మట్టం దిగింది కాబట్టి మోటారు గంటలు మాత్రం పెరిగాయి. వాళ్లు ఓడిపోయారు. ఎదురింటివాళ్లు 1 హెచ్‌పీ మోటారు తీసేసి ఒకటిన్నర హెచ్‌పీ బిగించారు, గంటలు తగ్గాయి, నీళ్లు రోడ్డు మీదికి పొర్లాయి. వాళ్లు గెలిచారు! గంటలు కొలిస్తే జరిగేది ఇది. కరెంటు బిల్లుతో కొలుస్తామన్నవాళ్లకూ ఇదే జవాబు.

బోరు నేరుగా పై ట్యాంకుకు ఎక్కే ఇళ్లకు రెండు దారులు. మాకు నచ్చింది బోరు డెలివరీ పైపుకు నీళ్ల మీటరు. బాణం గుర్తు నీళ్లు పోయే వైపు ఉండాలి, మీటరు అడ్డంగా ఉండాలి, ముందు చిన్న జాలీ ఉండాలి, లేకపోతే బోరు ఇసుకకు నెలలోనే బిగుసుకుపోతుంది. నల్ల అంకెలు వేల లీటర్లు, ఎర్ర అంకెలు దానిలో భాగాలు. అదే మీటరు మున్సిపల్ కొళాయికి పెడితే మాత్రం అంత నమ్మొద్దు. గంటో రెండు గంటలో వచ్చే సరఫరాలో నీళ్లకంటే ముందు గాలి తోసుకొచ్చి మీటరు గిర్రున తిప్పుతుంది. అక్కడ సంపు దబ్బే మేలు.

మీటరు కొనలేమంటే ట్యాంకు మీద కొలవండి. గుండ్రటి ట్యాంకు నడుముకు టేపు చుట్టి సెంటీమీటర్లలో చుట్టుకొలత తీసి, దాన్ని దానితోనే గుణించి, 12,570తో భాగించండి. ఒక సెంటీమీటరు నీటికి ఎన్ని లీటర్లో వస్తుంది. చుట్టుకొలత 345 అయితే 9.47 లీటర్లు. నీటిమట్టం కనపడటానికి తాపీమేస్త్రీలు వాడే లెవెల్ పైపు ట్యాంకు అవుట్‌లెట్‌కు టీ (మూడు దారుల పైపు అతుకు) వేసి నిలబెట్టి, పక్కన టేపు అంటించండి. పైనున్న మెడ భాగం, అడుగు వంపు లెక్కకు పనికిరావు, మధ్యలోనే చదవండి. అందుకని ఈ ఇళ్లకు పై ట్యాంకు నింపి చూడాలన్న నియమం లేదు. ఉదయం 6కి మట్టం ఎంతుంటే అంత రాసుకోవాలి. మోటారు వేసినప్పుడల్లా వేసేముందు ఒకసారి, ఆపాక ఒకసారి రాయాలి, మెడ దాకా నింపకుండా ఆపాలి. మోటారు నడుస్తున్నంతసేపు ఇంట్లో కొళాయిలు తిప్పకుండా ఉండాలి. కష్టమే. అందుకే మీటరు అంటున్నాం.

చిన్న కొలతలకు ఇంట్లో ఉన్న 20 లీటర్ల తాగునీటి క్యానుకు మించింది లేదు. పెయింటు బకెట్టు మీద 20 అని ఉన్నా అంచుదాకా నింపితే అంతకంటే ఎక్కువే పడుతుంది.

రాత్రి పరీక్ష

రాత్రి 10:30కి అందరూ పడుకున్నాక పై ట్యాంకు మట్టం రాసి, తెల్లవారుజామున 4:30కి మళ్లీ చూడండి. 3 సెంటీమీటర్లు దిగిందనుకుందాం. చుట్టుకొలత 345 ఉన్న ట్యాంకుకు అది 28 లీటర్లు. 6 గంటలకు 28 అంటే రోజుకు 112, ఒక మనిషి వాడకం గోడలోకి పోతోంది. ముందు అనుమానించాల్సింది ఫ్లష్ ట్యాంకునే. బట్టలకు పెట్టే నీలం నాలుగు చుక్కలు అందులో వేసి 20 నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఉంటే, కారేదైతే కింద కమోడ్‌లో నీలం కనపడుతుంది. అడుగున రబ్బరు వాషరు మారిస్తే చాలావరకు సరిపోతుంది. చుక్కలు కారే కొళాయి కింద 10 నిమిషాలు గ్లాసు పెట్టి, వచ్చినదాన్ని 144తో గుణిస్తే రోజు లెక్క.

కారేది ముందే బాగుచేసి అప్పుడు మొదటి అంకె తీయాలా, పందెంలో బాగుచేసి మార్కులు కొట్టాలా? ఈ వాదన ప్రతి వీధిలోనూ వస్తుంది. మా మాట: మార్కులు ఇచ్చేయండి. వాషరు మార్చి మిగిలినా, స్నానంలో తగ్గించి మిగిలినా నీళ్లు నీళ్లే.

మార్కుల పట్టీ గురించి అడిగారు. ఎడ్ల బండలాగుడులో పాలపళ్ల గిత్తలను సీనియర్ల బండకు కట్టరు కదా, ఇదీ అంతే. మొదటి అంకె 90 లోపున్న ఇల్లు ఆ అంకె నిలబెట్టుకుంటే చాలు, నిండు మార్కులు. 90 నుంచి 135 దాకా ఉన్నవాళ్లు నూటికి 10 తగ్గించాలి. 135 దాటినవాళ్లు నూటికి 25 తగ్గించాలి. ఈ గీతలు మేం పెట్టినవే, మీ వీధికి తగ్గట్టు జరుపుకోండి. అందరికీ ఒకే శాతం మాత్రం పెట్టొద్దు. ఇన్నాళ్లూ బిందెలతో సర్దుకున్న ఇల్లు ఓడి, షవర్ల ఇల్లు గెలుస్తుంది.

అపార్ట్‌మెంటులో ఫ్లాటుకు ఫ్లాటుకు మధ్య పందెం వద్దు. ట్యాంకు ఒకటే, కొలత ఒకటే. మీ అపార్ట్‌మెంటు ఒక జట్టు, వెనక వీధిదో జట్టు. మీ సంపు వాళ్లు చూడాలి, వాళ్ల సంపు మీరు చూడాలి. లిఫ్టు దగ్గర అతికించే కాగితం మీద మొత్తం అంకె ఒక్కటే ఉండాలి, ఎవరి ఫ్లాటు నంబరూ ఉండకూడదు.

అభ్యాసం

ఈసారి కాస్త ఎక్కువే ఇస్తున్నాం. 8 రోజులు, రోజూ 6 గంటలకు, కొలతలన్నీ, మనిషి-రోజులతో సహా. రెండు రాత్రి పరీక్షలు. ఇంకా నమ్మకం కుదరనివాళ్లకు మాత్రమే: సంపు నిండుగా, సగంగా, అడుగంటి ఉన్నప్పుడు ఒక్కో అంగుళం దిగడానికి మోటారుకు ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు ఫోను గడియారంతో చూసి రాయండి. మూడూ ఒకటే వస్తే దబ్బ ఒకే మూల దించారో లేదో చూసుకుని మళ్లీ చేయండి.