ఆకలిపై పనిచేసే సంస్థలు వృత్తి నిపుణుల సేవను పొందడం ఎలా: తిరుపతి సంస్థలకు ఒక మార్గదర్శి

తిరుపతిలో అన్నం వడ్డించే చేతులకు కొరత లేదు. తిరుమలలో నిత్యాన్నదానం 1985 నుంచి సాగుతోంది. 2000లో మొదలైన శ్రీవారి సేవ ద్వారా ఊరూరి నుంచి వచ్చినవాళ్లు భక్తులకు వడ్డిస్తున్నారు. 2024 ఆగస్టులో రాష్ట్రమంతటా తిరిగి తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో 5 రూపాయలకు భోజనం దొరుకుతోంది. ఇంత ఉన్నా, ఆస్పత్రిలో రోగి పక్కనుంచి లేచి వెళ్లలేనివాళ్లు, పని దొరకని రోజున బస్టాండు దగ్గరే పస్తుండిపోయే కూలీలు, శ్రీకాళహస్తి, సూళ్లూరుపేట వైపు పల్లెల్లో రేషన్ కార్డు లేని యానాది గిరిజన కుటుంబాలు ఇంకా మిగిలే ఉన్నారు. వాళ్ల దాకా చేరాలని తపించే చిన్న సంస్థల దగ్గర దయ ఉంది, చాలాసార్లు బియ్యమూ ఉంది. ఏ పూట ఎంత ఆహారం వస్తుందో, అది ఎంతసేపు తినదగినదిగా ఉంటుందో, ఏ కుటుంబానికి రావలసిన రేషన్ ఎక్కడ ఆగిపోయిందో తేల్చి చెప్పగలిగినవాళ్లు మాత్రం ఆ సంస్థల్లో తక్కువ. ఆ నేర్పు ఉన్నవాళ్లు ఇదే ఊళ్లో, కళాశాలల్లో, కార్యాలయాల్లో, పదవీ విరమణ చేసినవారి ఇళ్లలో ఉన్నారు. ఈ రెండు వైపులనూ కలిపే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ఒక అకౌంటెంటు ఆదివారం వచ్చి గరిటె పట్టుకుంటే ఆ పూట పని సులువవుతుంది. అదే వ్యక్తి నెల రోజులు కూర్చుని సరుకుల రాకపోకలకు ఒక లెక్కల పద్ధతి ఏర్పరచి, దాన్ని నిలబెట్టడం మీ మనిషికి నేర్పి వెళితే, ఆ మేలు ఏళ్లపాటు నిలుస్తుంది. వడ్డించేవాళ్ల సేవను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఎవరి వృత్తిలో వాళ్లు సాయపడే అవకాశం కల్పించడం సంస్థ బాధ్యత అని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను.

ముందు మీ అవసరాన్ని మీరే తేల్చుకోండి

భాగస్వామి కోసం వెతకడానికి ముందు రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకం నడపండి. ఆహారం ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఏ వేళకు వండారు, ఏ వేళకు మీ చేతికి అందింది, ఎంత వచ్చింది, ఎక్కడ పంచారు, ఎంత మిగిలింది, ఎంత పారబోయవలసి వచ్చింది అన్నవి ఏ రోజుకారోజు రాయాలి. ఎవరైనా అడిగి, మీరు లేదని చెప్పవలసి వచ్చిన సందర్భాలను కూడా తప్పకుండా రాయాలి, ఎందుకంటే పంచిన పొట్లాల లెక్క అందరూ పెట్టుకుంటారు గానీ అన్నం అందక వెనుదిరిగినవారి లెక్క ఎవరూ పెట్టుకోరు.

ఈ పుస్తకం నిండేసరికి సమస్య తనంతట తానే రూపు కడుతుంది. మన ప్రాంతంలో మిగులు ఆహారం ముహూర్తాలను బట్టి వస్తుంది. మాఘంలోనూ వైశాఖంలోనూ శ్రావణంలోనూ కల్యాణ మండపాల నుంచి ఫోన్లు ఆగవు. ఆషాఢంలోనూ పుష్యమాసంలోనూ మూఢం ఉన్న రోజుల్లోనూ అవి దాదాపు ఆగిపోతాయి. గంగ జాతర, బ్రహ్మోత్సవాల రోజుల్లో వీధి వీధినా ప్రసాదాలు పంచుతారు కనుక మీ పొట్లాలు మిగిలిపోవచ్చు. ఆకలి మాత్రం పంచాంగం చూసి రాదు. ఈ హెచ్చుతగ్గులను సంవత్సరం పొడవునా ముందే అంచనా వేసి, ముహూర్తాలు లేని నెలలకు బియ్యం, పప్పు, నూనె నిల్వ చేసుకునే ప్రణాళిక తయారు చేయడం ఒక నిపుణుడికి అప్పగించదగిన మంచి పని. సరిగా ఏర్పరచిన పని ఇలా ఉంటుంది: దానికి మొదలు, చివర ఉంటాయి, పూర్తయిందో లేదో చూసి చెప్పవచ్చు. ‘మాకు టెక్నాలజీ సాయం కావాలి’ అని అడిగితే వచ్చినవాళ్లు ఒక యాప్ చేసి ఇచ్చి వెళతారు, దాన్ని ఎవరూ వాడరు. ‘రాత్రి పదింటి తర్వాత మండపాల నుంచి వచ్చే ఫోన్లలో సగానికి మేము వెళ్లలేకపోతున్నాం, ఉన్న రెండు ఆటోలతో ఎక్కువ చోట్లకు వెళ్లే దారి చూపండి’ అని అడిగితే, విన్నవారికి ఏం చేయాలో తెలుస్తుంది.

ఎవరిని అడగాలి

వ్యక్తులను విడివిడిగా అడగడం కంటే వాళ్లు పనిచేసే సంస్థతోనో, వాళ్లు సభ్యులుగా ఉన్న సంఘంతోనో ఒప్పందం చేసుకోవడం మేలు. ఒక వ్యక్తికి బదిలీ కావచ్చు, పరీక్షలు రావచ్చు, ఇంట్లో అనారోగ్యం రావచ్చు. సంస్థతో మాట ఉంటే ఆ స్థానంలో మరొకరు వస్తారు.

తిరుపతికి ఈ విషయంలో ఉన్న అనుకూలత చాలా ఊళ్లకు లేదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ హోమ్ సైన్స్ విభాగాలున్నాయి. పోషకాహార ప్రణాళిక వాళ్లు చదివే చదువే. వ్యవసాయ కళాశాల, పశువైద్య విశ్వవిద్యాలయం, స్విమ్స్ వైద్య సంస్థ, వంట విద్య నేర్పే ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఇక్కడే ఉన్నాయి. 2015లో మొదలైన ఐఐటీ, విజ్ఞాన శాస్త్రాల విద్యాసంస్థ ఐసర్ ఏర్పేడు వైపు ఉన్నాయి. జాతీయ సేవా పథకంలో (ఎన్ఎస్ఎస్) చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటల సేవ పూర్తి చేయవలసి ఉంటుంది కనుక, మీరు అర్థవంతమైన పని చూపిస్తే కళాశాల ప్రోగ్రామ్ అధికారి సంతోషంగా వింటారు.

అయితే చాలా సంస్థలు మరిచిపోయే ఒక వర్గం పదవీ విరమణ చేసిన ఉద్యోగులు. ఆర్టీసీ డిపోలో బస్సుల వేళలు, డ్రైవర్ల డ్యూటీలు కూర్చిన మనిషికి మీ రెండు ఆటోల దారి వేయడం కష్టమేమీ కాదు. పౌర సరఫరాల గోదాములో పనిచేసినవారికి బియ్యానికి పురుగు పట్టకుండా నిల్వ చేయడం తెలుసు, తహశీల్దారు కార్యాలయంలో పనిచేసినవారికి ఏ దరఖాస్తు ఏ బల్ల దగ్గర ఆగుతుందో తెలుసు. పెన్షనర్ల సంఘాలకు ఒక ఉత్తరం రాసి, వాళ్ల సమావేశంలో పది నిమిషాలు మాట్లాడే అవకాశం అడగండి. వాళ్ల దగ్గర సమయమూ ఉంది, ఊరి మీద మమకారమూ ఉంది.

రేషన్ హక్కు: నిపుణుల సేవకు అన్నిటికంటే పెద్ద ఫలితం ఇక్కడే

ఒక పొట్లం ఒక పూట ఆకలిని తీరుస్తుంది. ఒక బియ్యం కార్డు, అంటే రేషన్ కార్డు, ప్రతి నెలా ఇంట్లోకి గింజలు తెస్తుంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం అర్హత గల కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల ధాన్యం, నిరుపేదలుగా గుర్తించిన అంత్యోదయ కుటుంబానికి 35 కిలోల ధాన్యం హక్కుగా రావాలి. ఈ ధాన్యాన్ని 2023 జనవరి నుంచి ఉచితంగా ఇస్తున్నారు. గర్భిణులకు, బాలింతలకు, ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా పోషకాహారం అందించాలని అదే చట్టం చెబుతోంది. అయినా ఆధార్ లేకపోవడం, పేరులో తప్పు పడడం, వేలిముద్ర పడకపోవడం, పెళ్లయిన కూతురి పేరు పాత కార్డులోనే ఉండిపోవడం వంటి కారణాలతో కుటుంబాలు బయటే ఉండిపోతాయి. బతుకుతెరువు కోసం వేరే ఊరి నుంచి తిరుపతికి వచ్చిన కూలీ తన కార్డుపై ఇక్కడి చౌకధరల దుకాణంలోనే ధాన్యం తీసుకోవచ్చన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.

అందుకే, మీకు ఒక్క భాగస్వామ్యానికే శక్తి ఉంటే, దాన్ని న్యాయ కళాశాలతోనో న్యాయవాదుల సంఘంతోనో కుదుర్చుకోండని నా సలహా. ముగ్గురు విద్యార్థులు, వారికి దారి చూపే ఒక న్యాయవాది, కార్యాలయ పద్ధతులు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి కలిస్తే ఒక బృందం అవుతుంది. ఆ బృందం నెలకు రెండుసార్లు మీరు అన్నం పంచే చోటికే వచ్చి, ఒక్కొక్క కుటుంబం వివరాలు విని, వార్డు లేదా గ్రామ సచివాలయంలో దరఖాస్తు వేయించి, రసీదు సంఖ్య రాసుకుని, అది తేలే వరకు వెంటబడాలి. అక్కడ తేలకపోతే చట్టం ప్రతి జిల్లాకూ ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారిని, ఆపైన రాష్ట్ర ఆహార కమిషన్‌ను ఏర్పరచింది. ఆ అర్జీలు రాయడం న్యాయ విద్యార్థులకు పుస్తకంలో దొరకని శిక్షణ. యానాది కాలనీలకు వెళ్లేటప్పుడు ఆ కాలనీవాళ్లలో ఒకరిని బృందంలో చేర్చుకోండి, లేకపోతే కాగితాలు పట్టుకు వచ్చిన కొత్త ముఖాలను చూసి జనం లోపలికి వెళ్లిపోతారు.

ఆహార భద్రత విషయంలో రాజీ వద్దు

మిగులు ఆహారం పంచే సంస్థ తప్పకుండా సలహా అడగవలసింది ఆహార శాస్త్రం తెలిసిన మనిషిని. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపూ అందులో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. కనుక వేడిగా పంచేది 60 డిగ్రీలకు పైన, చల్లగా ఉంచేది 5 డిగ్రీలకు లోపల ఉండాలి. బయట వాతావరణంలో రెండు గంటలకు మించి ఉన్న పదార్థాన్ని పంచకూడదు. అన్నం విషయంలో మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గోరువెచ్చని అన్నంలో అవి మొలకెత్తి విడుదల చేసే విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాసన బాగానే ఉందన్న ఒక్క కారణంతో మధ్యాహ్నపు అన్నాన్ని రాత్రి పంచడం, ఆకలితో ఉన్నవారిని ఆస్పత్రికి పంపడంతో సమానం.

మిగులు ఆహారాన్ని సేకరించి పంచడానికి ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) 2019లో నిబంధనలు చేసింది. హోమ్ సైన్స్ లేదా పాకశాస్త్ర విద్యార్థులతో చేయించవలసిన పని ఏమిటంటే, ఆ నిబంధనలను చదివి, వాటిని మీ ఆటో డ్రైవరుకు, మండపంలోని వంట మేస్త్రీకి అర్థమయ్యేలా తెలుగులో ఒక్క పేజీకి కుదించడం. డేగిసా మూత తీసినప్పుడు ఏం చూడాలి, థర్మామీటరు ఎక్కడ గుచ్చాలి, వండిన వేళ ఎవరిని అడిగి రాయాలి, దేన్ని మొహమాటం లేకుండా వద్దనాలి అన్నవి అందులో ఉండాలి. పెళ్లివారు ప్రేమతో ఇచ్చినదాన్ని కాదనడం మన దగ్గర కష్టమే. చేతిలో ఒక కాగితం ఉంటే, కాదన్నది మనిషి కాదు, నిబంధన అని వాళ్లకు మర్యాదగా చెప్పవచ్చు.

ఒప్పంద పత్రం

పని చిన్నదైనా రెండు పేజీల ఒప్పందం రాసుకోండి. ఏ పని చేస్తారు, ఏ తేదీకి ముగుస్తుంది, మీ వైపు నుంచి నిర్ణయాలు చెప్పేది ఎవరు, వాళ్ల వైపు బాధ్యుడెవరు, దారి ఖర్చులు ఎవరివి, పని ముగిశాక దాన్ని నడిపేది ఎవరు అన్నవి అందులో ఉండాలి. చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే పని మొదలుపెట్టకండి. కుటుంబాల ఆధార్ సంఖ్యలు, ఆరోగ్య వివరాలు సేవకుల సొంత ఫోన్లలో ఉండకూడదని స్పష్టంగా రాయండి. పళ్లెం ముందు కూర్చున్నవారి ముఖాలు ఫొటోల్లో కనిపించకూడదన్న షరతు కూడా పెట్టండి; అన్నం తీసుకున్నంత మాత్రాన ఎవరూ తమ మర్యాదను మనకు ఇచ్చేయలేదు.

రేణిగుంట, శ్రీసిటీ ప్రాంతాల పరిశ్రమల దగ్గరకు వెళ్లేటప్పుడు డబ్బును, మనుషులను ఒకే ఉత్తరంలో అడగవద్దు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. ఆకలి నిర్మూలన ఆ చట్టం ఏడవ షెడ్యూలులో మొదటి అంశంలోనే ఉంది. ఆ నిధులు తీసుకునే సంస్థకు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 అనే నమోదు కావాలి, దానికి సమయం పడుతుంది. ముందుగా వాళ్ల గోదాము నిర్వాహకుడిని ఒక నెలపాటు వారానికి రెండు గంటలు అడగండి. మీ పని తీరును లోపలి నుంచి చూసిన మనిషి, తర్వాత నిధుల మాట వచ్చినప్పుడు మీ తరఫున మాట్లాడతాడు.

పని నడిచే రోజుల్లో

నిపుణులు వచ్చిన మొదటి రోజున వారిని బల్ల ముందు కూర్చోబెట్టకండి. ఒక పూట ఆటోలో మీతో తిప్పండి, పంచే చోట నిలబడనివ్వండి, అక్కడివాళ్లతో మాట్లాడనివ్వండి. మీ వైపు నుంచి ఒకే మనిషి వారికి జవాబుదారీగా ఉండాలి, ప్రతి వారం ఒకే రోజున అరగంట మాట్లాడుకోవాలి. పరీక్షల నెలల్లోనూ మార్చి లెక్కల రోజుల్లోనూ ఎవరూ రారని ముందే ఊహించి, పనిని వాటికి ఇవతలే ముగిసేలా పెట్టుకోవాలి.

ముగింపు తేదీకి రెండు వారాల ముందు నుంచే నిపుణుడు పక్కన కూర్చుని చూస్తుండగా మీ మనిషే పని చేయాలి. ఫైళ్లు, పాస్‌వర్డులు, ఫోన్ నంబర్ల పుస్తకం సంస్థ పేరున ఉన్నాయో లేదో ఆ రోజుల్లోనే సరిచూసుకోవాలి. పని ముగిశాక, ఏం మారిందో అంకెలతో రాసి భాగస్వామికి ఇవ్వండి: పారబోసిన ఆహారం ఎంత తగ్గింది, కొత్తగా ఎన్ని కార్డులు వచ్చాయి, ఎంతమంది వెనుదిరిగారు. ఆ తర్వాత ఒక నెల ఆగి, మీరు ఒక్కరే ఆ పద్ధతిని నడపగలుగుతున్నారని రూఢి అయినప్పుడే రెండో పని కోసం ఉత్తరం రాయండి.