ఆకులు రంగు మారే రోజుల్లో మిషిగన్ అప్పర్ పెనిన్సులా: ఆర్వీ (ఇల్లులా వాడుకునే బండి) యాత్ర ప్లాన్ ఎలా చేసుకోవాలి?

మిషిగన్ దిగువ భాగాన్ని ఉత్తరాన ఉన్న అప్పర్ పెనిన్సులాతో కలిపే మాకినా వంతెన దాటగానే ఉత్తరానికి మళ్ళి, దగ్గర్లో ఉన్న తాక్వామెనాన్ జలపాతం చూసుకుని, తర్వాత తీరిగ్గా పడమటికి సాగడం చాలామందికి అలవాటు. వేసవిలో అలా వెళ్తే ఇబ్బందేమీ లేదు. ఆకుల రంగుల కోసం వెళ్ళేటప్పుడు మాత్రం దిశ తిప్పాలి. రంగు ముందుగా పడమటి లోతట్టు కొండల్లో మొదలవుతుంది. లేక్ సుపీరియర్ వేసవి వేడిని నెమ్మదిగా వదులుతుంది కాబట్టి ఒడ్డున ఉన్న చెట్లు ఇంకో వారం పది రోజులు ఆగి రంగు మారతాయి. అందుకే ముందు పడమటి చివరికి వెళ్ళిపోయి, రంగుతో పాటు తూర్పుకి తిరిగి రావాలి.

1. తేదీలు, దారి

సెప్టెంబరు చివరి వారంలో వంతెన దాటి, అక్టోబరు రెండో వారం మొదట్లో తిరిగొచ్చేలా పది రాత్రులు పెట్టుకోండి. అంతకంటే ముందైతే పచ్చదనమే ఎక్కువ. అక్టోబరు మధ్య దాటితే మేపుల్ ఆకులు చాలావరకు నేలమీదే ఉంటాయి, బంగారు రంగు టామరాక్ చెట్లు మాత్రం మిగులుతాయి.

మొదటి రాత్రి మానిస్టీక్ దగ్గర ఇండియన్ లేక్ స్టేట్ పార్కులో ఆగండి. వంతెన నుంచి యూఎస్-2 హైవే మీద సుమారు 90 మైళ్ళు. పక్కనే కిచ్-ఇటి-కిపి ఊట ఉంది. 40 అడుగుల లోతు, అడుగున ఇసుక కదలడం కూడా కనిపించేంత తేట నీరు, ఏడాది పొడుగునా 45 డిగ్రీల ఫారెన్‌హీటే. చేత్తో చక్రం తిప్పి నడిపే తెప్ప మీద నిలబడి చూస్తారు. ఒక గంట చాలు.

రెండో రోజు పోర్క్యుపైన్ మౌంటెన్స్. సుమారు 200 మైళ్ళు, యాత్ర మొత్తంలో ఎక్కువ డ్రైవింగ్ ఈ రోజే. అక్కడ రెండు రాత్రులు, కాపర్ హార్బర్‌లో రెండు, మ్యూనిసింగ్ చుట్టుపక్కల మూడు, తాక్వామెనాన్‌లో రెండు. వాన, గాలి వల్ల ఒక రోజు పోవడం మామూలే కాబట్టి మ్యూనిసింగ్‌కి మూడు కేటాయించాం. అక్కడి పిక్చర్డ్ రాక్స్ తీరపు కొండల్ని పడవ మీద నుంచి చూస్తేనే అందం. అలలు లేస్తే పడవలు కదలవు.

ఇంకో చిక్కు. విస్కాన్సిన్ సరిహద్దున ఉన్న గోగీబిక్, ఐరన్, డికిన్సన్, మెనామినీ కౌంటీలు సెంట్రల్ టైములో ఉంటాయి, మిగతాదంతా ఈస్టర్న్. పోర్క్యుపైన్ మౌంటెన్స్ పార్కే రెండు కౌంటీల మీద పరుచుకుని ఉంది. యూనియన్ బే క్యాంప్‌గ్రౌండ్ వైపు ఒక టైమైతే, ప్రెస్క్ ఐల్ నది వైపు గంట వెనక. ఫోను తనంతట తానే మారిపోతుంది కాబట్టి మాట ఇచ్చిన వేళల్ని చేతి గడియారంతో చూసుకోండి.

2. బుకింగులు

మిషిగన్ స్టేట్ పార్కుల్లో చోటు ఆరు నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. రంగుల వారాల్లో శుక్ర, శనివారాలు ముందే నిండిపోతాయి. పార్కుల్లో ఆదివారం నుంచి గురువారం దాకా ఉండేలా చూసుకుని, వారాంతం ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో గడపడం తేలిక. ప్రవేశానికి రిక్రియేషన్ పాస్‌పోర్ట్ కావాలి. దీనికి చూసేది బండి నంబర్ ప్లేటు ఏ రాష్ట్రానిదని. అద్దె ఆర్వీకి పక్క రాష్ట్రం ప్లేటు ఉంటే, మీరు మిషిగన్ వాసులైనా బయటివాళ్ళ రుసుమే కట్టాలి.

బుక్ చేసేటప్పుడు మూడు విషయాలు విడివిడిగా చూడండి: ఆ చోటి పొడవు మీ బండికి సరిపోతుందా, కరెంటు ఎన్ని ఆంపులు, నీళ్ళు ఏ తేదీ దాకా ఇస్తారు. మూడోది చాలామంది చూడరు. అక్టోబరు మధ్యలో చాలా పార్కుల్లో కొళాయిలు, స్నానాల గదులు కట్టేస్తారు. పిక్చర్డ్ రాక్స్ లోపలి ట్వెల్వ్‌మైల్ బీచ్, హరికేన్ రివర్ క్యాంప్‌గ్రౌండ్లు తీరాన్ని ఆనుకుని బ్రహ్మాండంగా ఉంటాయి గానీ కరెంటు హుక్అప్ (బండికి తగిలించుకునే కనెక్షన్) ఉండదు. అక్కడ ఉండాలంటే కింది లెక్క తప్పనిసరి.

3. రాత్రి చలికి గ్యాసు, బ్యాటరీ లెక్క

మామూలు ఆర్వీ ఫర్నేస్ (గ్యాసు మంటతో బండిని వెచ్చబెట్టేది) గంటకు 30,000 బీటీయూ (వేడి కొలత) తాగుతుంది. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్‌లో సుమారు 4,30,000 బీటీయూ ఉంటుంది. అంటే ఆగకుండా మండితే 14 గంటలు. బయట 35 డిగ్రీలున్న (ఇక్కడి డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే) రాత్రి 12 గంటల్లో ఫర్నేస్ మూడో వంతు సేపు, అంటే నాలుగు గంటలు, మండుతుందనుకుంటే ఒక సిలిండర్ మూడు రాత్రులొస్తుంది. రెండు నిండు సిలిండర్లతో బయలుదేరి, ఒకటి ఖాళీ కాగానే నింపించుకోండి. రెండోదీ అయిపోయేదాకా ఆగొద్దు.

అసలు దెబ్బతీసేది గ్యాసు కాదు, బ్యాటరీ. ఫర్నేస్ ఫ్యాను దాదాపు 8 ఆంపులు లాగుతుంది. నాలుగు గంటలకు 32 ఆంపియర్-గంటలు. లైట్లు, పంపు, ఫ్రిజ్ బోర్డు, గ్యాస్ అలారం కలిపితే 45 దాకా. 100 ఆంపియర్-గంటల లెడ్-యాసిడ్ బ్యాటరీలో నిజంగా వాడుకోదగ్గది సగమే, చలిలో అదీ తగ్గుతుంది. తెల్లవారుజామున జరిగేది ఇది: థర్మోస్టాట్ టిక్కుమంటుంది, ఫ్యాను తిరుగుతుంది, మంట మాత్రం అంటుకోదు. వోల్టేజీ పడిపోయి ఫ్యాను నెమ్మదించడంతో, గాలి తోస్తే మూసుకోవాల్సిన సెయిల్ స్విచ్ మూసుకోదు. స్విచ్ మూసుకోకపోతే గ్యాసు వాల్వు తెరుచుకోదు. సిలిండర్ మార్చి, ఫర్నేస్ విప్పి తంటాలు పడేముందు బ్యాటరీ వోల్టేజీ చూడండి.

హుక్అప్ లేని రాత్రికి రెండు బ్యాటరీలు ఉండాలి, లేదా సాయంత్రం రెండు గంటలు జనరేటర్ నడపాలి. స్టేట్ పార్కుల్లో రాత్రి 10 నుంచి ఉదయం 8 దాకా నిశ్శబ్ద వేళలు కాబట్టి జనరేటర్ పని ముందే ముగించాలి. లిథియం బ్యాటరీ అయితే ఒకటే షరతు: బ్యాటరీ గడ్డకట్టే చలిలో ఉన్నప్పుడు చార్జి చేయకూడదు.

కరెంటు ఉన్న చోట గ్యాసు మిగులుద్దామని రాత్రంతా ఎలక్ట్రిక్ హీటర్ మీదే ఉంటారు కొందరు. అప్పుడు ఫర్నేస్ మండదు, దాని గొట్టాల వెచ్చదనం బండి అడుగున ఉన్న ట్యాంకులకు చేరదు, లోపల మీరు వెచ్చగా పడుకుంటే కింద పైపులు గడ్డకడతాయి. ఎముకలు కొరికే రాత్రుల్లో ఫర్నేస్‌ని 60 దగ్గర పెట్టి, హీటర్‌ని తోడుగా వాడండి. 1500 వాట్ల హీటర్ 12.5 ఆంపులు తీసుకుంటుంది. 30 ఆంపుల కనెక్షన్ మీద దానికి తోడు వాటర్ హీటరూ, మైక్రోవేవూ పెడితే బ్రేకర్ పడుతుంది.

స్టవ్ మీద మంట పెట్టుకుని చలి కాచుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక తేదీ చూసి, గడువు దాటితే ఇంటి దగ్గరే మార్చండి. పైకప్పు వెంటు అంగుళం తెరిచే ఉంచాలి. మూస్తే ఊపిరి తేమంతా పరుపు అడుగున చేరి తడుస్తుంది.

4. నీళ్ళు

28 డిగ్రీల కిందకి కొన్ని గంటలు పడిపోతుందని తెలిస్తే సాయంత్రమే మంచినీళ్ళ ట్యాంకు మూడొంతులు నింపి, గొట్టం ఊడదీసి, నీరంతా వంచేసి లోపల పెట్టుకోండి. రాత్రికి పంపు మీద నడపండి. కొళాయికి తగిలించి వదిలేసిన గొట్టమే మొదట గడ్డకట్టేది. వాడిన నీటి వాల్వులు మూసే ఉంచి, ట్యాంకు నిండాక ఒకేసారి వదలాలి. తెరిచి ఉంచితే సన్నగా కారే నీరు గొట్టంలోనే మంచవుతుంది. సింకుల కింద అలమర తలుపులు రాత్రి తెరిచి పెట్టండి.

5. రోడ్డు మీద

వంతెన ఎక్కేముందు గాలి వేగం చూసుకోండి. గంటకు 35 మైళ్ళు దాటితే ఎత్తైన బళ్ళను ఎస్కార్ట్‌తో పంపుతారు, ఇంకా పెరిగితే ఆపేస్తారు. లోపలి లేను ఉక్కు జాలీ, కింద నీళ్ళు కనిపిస్తాయి. పెద్ద బండితో బయటి లేనులోనే వెళ్ళడం మనసుకీ, స్టీరింగుకీ హాయి. టోల్ ఇరుసుల లెక్కన ఉంటుంది.

పగటి వెలుగు తక్కువ. అక్టోబరు 10 ప్రాంతంలో మార్కెట్ (Marquette) పట్టణంలో సూర్యోదయం ఉదయం 8 గంటలకు, అస్తమయం 7 దాటాక. పొద్దుగూకే వేళ జింకలు రోడ్డెక్కుతాయి కాబట్టి 10 నుంచి 4 మధ్యే నడపండి. సీనీ, షింగిల్‌టన్ ఊళ్ళ మధ్య ఎం-28 పాతిక మైళ్ళు తిన్నగా పోతుంది, బంకులూ మలుపులూ లేవు. ట్యాంకు సగానికి దిగితే కనబడ్డ బంకులో నింపుకోవడమే. మ్యాపులు ముందే ఫోనులో దించుకోండి. కాపర్ హార్బర్ పైనున్న బ్రాక్‌వే మౌంటెన్ రోడ్డు సన్నం, నిటారు. ఆర్వీని కింద వదిలి చిన్న బండిలో వెళ్ళాలి.

కట్టెలు ఇంటి నుంచి తేవద్దు. యాష్ చెట్లను చంపే ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది, అది కట్టెలతో పాటే ప్రయాణిస్తుంది. అక్కడే కొనండి.

స్లయిడ్-అవుట్ (గది పెద్దదయ్యేలా బయటికి జరిగే బండి పక్క భాగం) లోపలికి లాగేముందు నిచ్చెన వేసుకుని పైన పడ్డ తడి ఆకులు ఊడ్చేయండి. వదిలేస్తే రబ్బరు సీలు కింద నలిగి నీరు లోపలికి కారుతుంది. టైరు గాలి రోజూ ఉదయం చల్లగా ఉన్నప్పుడు చూడండి. పది డిగ్రీలు తగ్గితే ఒకటి రెండు పీఎస్ఐ తగ్గుతుంది.

6. తిరిగొచ్చాక

సొంత బండైతే ఇంటికి చేరిన వారంలోనే నీటి వ్యవస్థ ఖాళీ చేయండి. వాటర్ హీటర్ ఆపి, చల్లారనిచ్చి, కొళాయి తిప్పి ఒత్తిడి పోయాకే ప్లగ్గు విప్పాలి. వేడి మీద విప్పితే మరిగే నీరు మొహాన కొడుతుంది. హీటర్‌ని బైపాస్ చేసి, రెండు మూడు గ్యాలన్ల గులాబీ రంగు ఆర్వీ యాంటీఫ్రీజ్ ఎక్కించండి. కారు రేడియేటర్‌లో పోసేది విషం, దాన్ని వాడొద్దు. ప్రతి కొళాయిలో, చల్లదీ వేడిదీ రెండిట్లో, గులాబీ రంగు కనిపించేదాకా తిప్పండి. బయటి షవర్‌ని మరిచిపోవడం మామూలు, వసంతంలో పగిలి కనిపించేది ఎక్కువగా అదే.