బల్ల మీది అరుగుదల పరీక్ష చూసి ఇంజన్ ఆయిల్ కొనవచ్చా?

విజయనగరంలోనో రాజాంలోనో స్పేర్‌పార్టుల దుకాణం ముందు చిన్న మోటారు యంత్రంతో ఆయిల్ గొప్పదనం చూపేవారు ఎదురైతే, ముందు ఆ యంత్రాన్ని గమనించండి. తిరిగే ఉక్కు రింగు అడుగుభాగం ఆయిల్‌లో మునిగి ఉంటుంది. కదలని బేరింగు ముక్కను మీటతో, బరువులు పెంచుతూ దానికి అదుముతారు. ఒక ఆయిల్‌తో మోటారు కీచుమని ఆగిపోతుంది. అమ్మజూపే ఆయిల్‌తో ఆగదు, బేరింగు మీద పడే కోలగాటు కూడా చిన్నదే. ఇందులో కనికట్టు ఉండనక్కరలేదు. అయితే ఆ ఫలితం మీ ఇంజన్‌కు సంబంధించింది కాదు.

నడుస్తున్న ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ బేరింగులు ఆయిల్ పొర మీద తేలుతుంటాయి కనుక, అక్కడ కాపాడేది ప్రధానంగా చిక్కదనమే. వాల్వులను తెరిచే కామ్, టాపెట్ల దగ్గర లోహాలు తాకుతాయి గానీ, అక్కడ రక్షణ పొర కట్టే జింకు సమ్మేళనం పనితనం రెండు నిమిషాల పరీక్షలో తేలేది కాదు. పైగా క్లోరిన్ సమ్మేళనాలు కలిపిన ద్రవం ఈ పరీక్షలో ఇట్టే నెగ్గుతుంది. అదే ఇంజన్ వేడిలో, తేమ తోడైతే, ఆమ్లంగా మారి లోహాన్ని తినేయగలదు. మసిని అడుగున పేరుకోనివ్వకపోవడం, వేడికి చిక్కబడకపోవడం వంటి గుణాలు ఇక్కడ పరీక్షకే రావు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఎపిఐ) నాణ్యతా స్థాయిల్లో ఒకటైన ఎస్‌పికి చేసే సీక్వెన్స్ ఫోర్-బి అరుగుదల పరీక్షను నిజమైన ఇంజన్ మీదే 200 గంటలు నడుపుతారు.

కాబట్టి వాహనం మాన్యువల్‌లోని చిక్కదనం గ్రేడు, ఎపిఐ స్థాయి డబ్బా మీద ఉన్నాయో లేదో చూసి కొనండి. గేర్ల మోటార్‌సైకిళ్లలో సాధారణంగా క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది గనుక జపాన్ ప్రమాణమైన జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు తప్పనిసరి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారవచ్చు. పొగ వడపోత (డీపీఎఫ్) ఉన్న బిఎస్-6 డీజిల్ బండికి మాన్యువల్ కోరిన, కాలితే తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే పోయాలి. మంచి ఆయిల్‌లో అదనంగా కలిపే మందు సీసా గుమ్మరించడం, నా దృష్టిలో, దండగ.

నూర్పిళ్ల దుమ్ములో తిరిగే ట్రాక్టరుకు ఆయిల్ బ్రాండు కన్నా ఎయిర్ క్లీనర్ ముఖ్యం. నిజంగా అరుగుదల తెలుసుకోవాలంటే వాడిన ఆయిల్‌నే ప్రయోగశాలకు పంపాలి: ఇంజన్ వేడిగా ఉండగా, మొదటి ధార వదిలేసి, పొడి సీసాలో పట్టి, ఆయిల్ పోశాక నడిచిన గంటలు రాయండి. నివేదికలో ఇనుముతో పాటు, దుమ్ము చేరిందని చెప్పే సిలికాన్ కూడా పెరిగితే, ఆయిల్ మార్చే ముందు గాలి గొట్టాల బిగింపులు వదులయ్యాయేమో చూడండి.